దమస్కు దారిలో గుర్రాలు

బైబిల్లో ఆ గుర్రం లేదండీ. కావాలంటే అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయం తీసి చూడండి. అదే కథ మళ్ళీ ఇరవై రెండులోనూ, ఇరవై ఆరులోనూ వస్తుంది, అవీ చూడండి. సౌలు అనే ఆయన యేసు శిష్యుల్ని పట్టి బంధించడానికి యెరూషలేము నుంచి దమస్కుకు బయల్దేరతాడు. ఊరు దగ్గర పడుతుండగా ఆకాశం నుంచి ఒక వెలుగు చుట్టూ కమ్ముకుంటుంది. నేల మీద పడిపోతాడు. తన పేరు పెట్టి పిలుస్తున్న గొంతు వినిపిస్తుంది. లేచి కళ్ళు తెరిస్తే చూపు లేదు. వెంట వచ్చినవాళ్ళు చెయ్యి పట్టుకుని ఊళ్ళోకి నడిపించుకుపోతారు. మూడు రోజులు అన్నం నీళ్ళు ముట్టడు. ఆ తర్వాత అననీయ అనే శిష్యుడు వచ్చి చేతులుంచితే చూపు తిరిగొస్తుంది. ఆ సౌలే మన పౌలు. నడిచి వెళ్ళాడో, ఏమెక్కి వెళ్ళాడో ఎక్కడా రాయలేదు.

అయినా ఈ కథను బొమ్మగా వేసిన పెద్ద చిత్రకారుల్లో గుర్రం లేకుండా వేసినవాళ్ళు అరుదు. మధ్యయుగాల నుంచీ అదే వరస. వాటికన్ లోపలి చాపెల్ గోడ మీద 1540లలో మైకెలాంజెలో వేసినప్పుడూ గుర్రం ఉంది. నాకైతే ఇందులో తప్పేమీ కనిపించదు. కాలినడకన పోయే మనిషి పడితే తూలి పడ్డాడనుకుంటాం. గుర్రం మీంచి పడితే ఆ మనిషితో పాటు అతని హోదా, అతని చేతిలో ఉన్న అధికార పత్రాలు, ఆ ప్రయాణానికి ఉన్న ఉద్దేశం, అన్నీ ఒక్కసారి నేలకు వస్తాయి. చిత్రకారుడికి చేతిలో ఉన్నది ఒక్క క్షణమే. ఆ క్షణంలో ఇంతా చెప్పాలంటే ఎత్తు కావాలి.

ఈ కబుర్లకు జనవరి కంటే మంచి నెల లేదు. ఇంగ్లండులో నాలుగున్నర కొట్టేసరికి చీకటి పడిపోతుంది, సంక్రాంతికి చేసిన అరిసెలు డబ్బా అడుక్కి చేరుకుంటాయి, హీటరు పక్కన కుర్చీ వదలబుద్ధి కాదు. జనవరి 25న చర్చి క్యాలెండరులో పౌలు మారిన రోజు పండుగ. వెనకటి ఇంగ్లీషు రైతులు ఆ రోజు ఆకాశం చూసి ఏడాది ఎలా ఉంటుందో చెప్పుకునేవాళ్ళు. ఎండ కాస్తే పంటలు బాగుంటాయనీ, గాలి వీస్తే యుద్ధాలొస్తాయనీ నమ్మేవాళ్ళు. కార్తెలు లెక్కపెట్టుకుంటూ పెరిగినవాళ్ళకు ఆ నమ్మకం కొత్తగా ఏమీ అనిపించదు.

సరే, నేను చెప్పదలుచుకున్నది లండన్‌లో ఉన్న ఒక బొమ్మ గురించి. స్ట్రాండ్ రోడ్డు మీద సోమర్‌సెట్ హౌస్ అనే పెద్ద రాతి భవనం ఉంది. అందులో కోర్టాల్డ్ గ్యాలరీ. ఎక్కువమంది అక్కడికి వాన్‌గో చెవికి కట్టు కట్టుకుని వేసుకున్న బొమ్మ కోసమో, మానే వేసిన బారు పిల్ల బొమ్మ కోసమో వెళ్తారు. వెళ్ళండి, అవీ చూడాల్సినవే. కానీ రూబెన్స్ బొమ్మల దగ్గర కాస్త ఆగండి. పీటర్ పాల్ రూబెన్స్ 1610, 1612 మధ్య చెక్క పలక మీద నూనె రంగులతో వేసిన ‘సెయింట్ పాల్ మార్పు’ అక్కడుంది. మరీ పెద్దది కాదు. ఎత్తు మీటరుకు కొంచెం తక్కువ, వెడల్పు మీటరుకు కొంచెం ఎక్కువ. కానీ అందులో జరుగుతున్నది గోడ పట్టనంత ఉంటుంది. పైన మేఘాలు చీలి క్రీస్తు కనిపిస్తాడు. కింద సౌలు నేల మీద పడి ఉన్నాడు. మధ్యలో గుర్రాలు ముందుకాళ్ళెత్తి లేస్తున్నాయి, మనుషులు అటూ ఇటూ చెదిరిపోతున్నారు, కళ్ళెం ఎవరి చేతిలో ఉందో తెలియదు. జాతరలో ఔటు పేలితే బెదిరిన ఎడ్లబండ్ల మధ్య ఉన్నట్టుంటుంది. బరోక్ చిత్రకళ అన్నప్పుడు జనం చెప్పుకునే గుణాలన్నీ ఇందులో ఉన్నాయి: కదలిక, వెలుగు చీకట్ల కొట్లాట, చూసేవాణ్ణి లోపలికి లాగేసే బలం.

ఈ బొమ్మ కోసం రూబెన్స్ పెన్నుతో గీసుకున్న చిత్తు, నూనె రంగులతో వేసుకున్న నమూనా కూడా కోర్టాల్డ్ దగ్గరే ఉన్నాయి. మూడూ ఒకే ఇంట్లో నిలవడం గొప్ప అదృష్టం. చిత్తులో చెయ్యి ఎంత వేగంగా పరిగెత్తిందో చూస్తే, ఈ గందరగోళం ఎంత ఆలోచించి కట్టిందో అర్థమవుతుంది.

రూబెన్స్ పేరు గమనించారా? పీటర్ పాల్. మన లెక్కలో పేతురు పౌలు. జూన్ 29న ఆ ఇద్దరు అపొస్తలుల పండుగ. ఆయన 1577లో ఆ పండుగ రోజుల్లోనే పుట్టాడు కాబట్టి ఆ పేరు పెట్టారు. అంటే ఈ చిత్రంలో నేల మీద పడి ఉన్నవాడు ఆయనకు పేరిచ్చిన మహానుభావుడు. ఇక ఆయన ఇంటి కథ వింటే ఈ బొమ్మ ఇంకో రకంగా కనిపిస్తుంది. తండ్రి యాన్ రూబెన్స్ యాంట్‌వెర్ప్ నగరంలో లాయరు, నగర పెద్దల్లో ఒకడు. ఆ ఊళ్ళో 1566లో జనం చర్చిల్లోకి చొరబడి విగ్రహాలు పగలగొట్టారు. స్పెయిన్ రాజు సైన్యాన్ని పంపాడు. యాన్ ప్రొటెస్టంట్ల కాల్విన్ శాఖ వైపు మొగ్గాడన్న అనుమానం పడింది. 1568లో పెళ్ళాం పిల్లలతో జర్మనీకి పారిపోయాడు. అక్కడ ఆరెంజ్ యువరాజు విలియం భార్య ఆన్ దగ్గర సలహాదారుగా చేరి, ఆమెతోనే సంబంధం పెట్టుకుని జైలు పాలయ్యాడు. భార్య మరియా ఆయన్ని క్షమించి, ఉత్తరాలు రాసి, కాళ్ళా వేళ్ళా పడి విడిపించుకుంది. ఆ ప్రవాసంలోనే, సీగెన్ అనే ఊళ్ళో, మన చిత్రకారుడు పుట్టాడు. 1587లో తండ్రి పోయాక మరియా పిల్లల్ని తీసుకుని యాంట్‌వెర్ప్ తిరిగొచ్చింది. పిల్లలు క్యాథలిక్కులుగా పెరిగారు.

ఆ ఊరు కూడా అప్పటికి మారిపోయింది. 1585లో స్పెయిన్ సేన నగరాన్ని పట్టుకున్నాక ప్రొటెస్టంట్లకు నాలుగేళ్ళు గడువిచ్చారు. మతం మార్చుకోండి, లేదంటే ఇల్లూ వాకిలీ అమ్ముకుని వెళ్ళిపోండి అన్నారు. జనాభా దాదాపు సగానికి పడిపోయింది. ఉండిపోయినవాళ్ళలో ఎంతమంది మనసులో మారారో, ఎంతమంది ఇల్లు వదల్లేక మారారో దేవుడికే తెలియాలి. రూబెన్స్ ఇటలీలో ఎనిమిదేళ్ళుండి 1608లో తిరిగొచ్చాడు. మరుసటేడు స్పెయిన్ చేస్తున్న యుద్ధానికి పన్నెండేళ్ళ విరమణ మొదలైంది. బోసిపోయిన చర్చిలను మళ్ళీ బొమ్మలతో నింపుకునే రోజులవి. అలాంటి ఊళ్ళో, అలాంటి ఇంట్లో పెరిగినవాడు ‘మార్పు’ అన్న విషయం తీసుకుని వేసిన బొమ్మ ఇది. ఆ ఊళ్ళో దాన్ని చూసేవాళ్ళలో అటు నుంచి ఇటో, ఇటు నుంచి అటో మారిన బంధువు లేనివాళ్ళు తక్కువ.

ఇక్కడ కారవాజియో సంగతి చెప్పకపోతే కథ సగమే అవుతుంది. రోములో సాంతా మారియా దెల్ పోపొలో అనే చర్చి ఉంది. అందులో చెరాసి చాపెల్ కోసం ఆయన 1601 ప్రాంతంలో ఇదే ఘట్టం వేశాడు. క్రీస్తు కనిపించడు. సైన్యం లేదు, ఆకాశమే లేదు. చీకట్లో ఒక పెద్ద గుర్రం, దాన్ని పట్టుకున్న ముసలి సేవకుడు, నేల మీద వెల్లకిలా పడి కళ్ళు మూసుకుని చేతులు పైకి చాపిన యువకుడు. ఆ సేవకుడికి ఏం జరిగిందో తెలియనే తెలియదు. గుర్రం కాలు ఆ పడ్డవాడి మీద పడకుండా చూసుకోవడమే ఆయన పని. అంతా ఆ యువకుడి మూసిన కళ్ళ వెనక జరిగిపోతోంది. ప్రపంచంలోని గొప్ప బొమ్మల్లో అది ఒకటని నేనూ ఒప్పుకుంటాను.

రూబెన్స్ అప్పట్లో రోములోనే తిరుగుతున్నాడు. కారవాజియో అంటే ఆయనకు గౌరవం. ‘మరియ మరణం’ అనే బొమ్మ వేస్తే, దేవుని తల్లిని ఉబ్బిన శవంలా చూపాడని, ఏ చర్చి కోసం వేశాడో ఆ చర్చివాళ్ళే వద్దన్నారు. 1607లో దాన్ని మాంటువా డ్యూక్ చేత పట్టుబట్టి కొనిపించినవాడు రూబెన్సే. (తర్వాత ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ మాంటువా బొమ్మల్ని గుత్తగా కొన్నప్పుడు అది లండన్ వచ్చింది. రాజు తల నరికాక అమ్మకానికి పెట్టారు. ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్‌లో ఉంది.) అంత ఇష్టపడ్డవాడు కూడా పౌలు దగ్గరకొచ్చేసరికి కారవాజియో దారిలో పోలేదు. అదే నన్ను చాలాకాలంగా ఆలోచింపజేసే సంగతి.

కారవాజియో పౌలును ఒంటరిగా పడుకోబెట్టాడు. రూబెన్స్ గుంపు మధ్యలో పడేశాడు. కళాభిమానులు చాలామంది మొదటిదే లోతైనదంటారు. రెండోది ఆర్భాటం ఎక్కువ, లోపలి సంగతి తక్కువ అంటారు. నేను ఒప్పుకోను. మనిషి మారడమంటే లోపల జరిగేది మాత్రమే అయితే కారవాజియో మాటే సరి. కానీ పక్కన నడిచేవాళ్ళ మాటేమిటి? బైబిలు కథలో కూడా ఆ తోటి ప్రయాణికుల దగ్గరే లెక్క తేడా వస్తుంది. తొమ్మిదో అధ్యాయంలో వాళ్ళు గొంతు విన్నారుగానీ ఎవర్నీ చూడలేదు, మాట పడిపోయి నిలబడిపోయారు. ఇరవై రెండులో పౌలు స్వయంగా చెప్పేటప్పుడు వాళ్ళు వెలుగు చూశారుగానీ గొంతు వినలేదు. ఇరవై ఆరులో అందరూ నేల మీద పడ్డారు. పండితులు దీనికి ఎన్నో సమాధానాలు చెప్తారు. నాకు మాత్రం ఇది చాలా సహజంగా అనిపిస్తుంది. తలకిందులైన ఆ నిమిషం తర్వాత ఎవరేం చూశారో, ఎవరేం విన్నారో ఒక్కలా గుర్తుంటుందా? రూబెన్స్ బొమ్మ వేసింది ఆ పేరులేనివాళ్ళకే. ఒకడు ముఖం దాచుకుంటాడు, ఒకడు పారిపోతాడు, ఒకడు పడ్డవాడి కోసం వంగుతాడు. వాళ్ళు ఆ వెలుగును అడగలేదు. వాళ్ళను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. అయినా వాళ్ళ ప్రయాణమూ అక్కడితో ఆగిపోయింది.

ఇప్పుడు ఈ బొమ్మ నిలిచిన చోటు గురించి. ఇప్పటి సోమర్‌సెట్ హౌస్ 1776లో విలియం ఛాంబర్స్ కట్టడం మొదలుపెట్టింది. అంతకుముందు అదే స్థలంలో అదే పేరుతో ఒక పాత రాజభవనం ఉండేది. మొదటి చార్లెస్ భార్య హెన్రియెట్టా మరియా అందులో ఉండేది. ఆమె ఫ్రెంచి రాకుమారి, క్యాథలిక్కు. ప్రొటెస్టంట్ దేశంలో రాణికి మాత్రం తన మతం తాను పాటించుకునే హక్కు పెళ్ళి ఒప్పందంలో రాసిచ్చారు. ఆ హక్కుతో ఇనిగో జోన్స్ చేత అక్కడ ఒక చాపెల్ కట్టించుకుంది. 1636లో అది తెరుచుకుంది. ఫ్రాన్సు నుంచి వచ్చిన కపూచిన్ సన్యాసులు పూజలు చేసేవాళ్ళు. లండన్ జనం వింతగా చూడ్డానికి వచ్చేవాళ్ళు, కొందరు చూసి ఉండిపోయేవాళ్ళు. మరుసటేడు న్యూపోర్ట్ ప్రభువు భార్య ఆన్ క్యాథలిక్కుల్లో చేరిందని బయటపడగానే రాజసభ అట్టుడికిపోయింది. భర్త వెళ్ళి ఆర్చ్‌బిషప్ లాడ్‌కు మొరపెట్టుకున్నాడు. లాడ్ వెళ్ళి రాజుకు చెప్పాడు. ఒక్క ఇల్లాలి మార్పు దేశానికి రాజకీయమైంది.

ఆ చాపెల్ బలిపీఠం మీద ఉన్నది రూబెన్స్ వేసిన సిలువ చిత్రం. 1643లో, అంతర్యుద్ధం నడుస్తుండగా, పార్లమెంటు పంపిన మనుషులు చాపెల్లోకి చొరబడ్డారు. ఆ చిత్రాన్ని పొడిచి, చీల్చి, పక్కనే ఉన్న థేమ్స్ నదిలో పారేశారు. తండ్రి ఊళ్ళో 1566లో జరిగినదే కొడుకు పనికీ జరిగింది. కొడుకు చూడలేదులెండి, ఆయన 1640లోనే పోయాడు. బతికుండగా లండన్‌లో ఆయనకు దక్కింది మర్యాదే. 1629లో స్పెయిన్ తరఫున సంధి మాట్లాడటానికి వచ్చి, మరుసటేడు చార్లెస్ చేత నైట్ బిరుదు పుచ్చుకుని వెళ్ళాడు. వైట్‌హాల్‌లో బాంక్వెటింగ్ హౌస్ పైకప్పుకు ఆయన పంపిన తొమ్మిది చిత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. 1649 జనవరి 30న చార్లెస్ ఆ పైకప్పు కింద నుంచే నడిచి బయట కట్టిన వధ్యవేదిక ఎక్కాడు.

ఒక రూబెన్స్‌ను ఏట్లో కలిపిన ఆ స్థలానికే, మూడు వందల ఏళ్ళు దాటాక, ముప్ఫైకి పైగా రూబెన్స్ చిత్రాలు వచ్చాయి. వాటిని కూడబెట్టినాయన కౌంట్ ఆంట్వాన్ సైలెర్న్. ఆస్ట్రియా కుటుంబం, పుట్టింది మాత్రం ఇంగ్లండులో, 1901లో. వియన్నాలో చదువుకున్నాడు, రూబెన్స్ పైకప్పు చిత్రాల మీదే పరిశోధన చేశాడు. హిట్లర్ ఆస్ట్రియాను మింగాక, 1939లో బొమ్మలతో సహా లండన్ చేరాడు. బ్రిటిష్ సైన్యంలో పనిచేశాడు. దక్షిణ కెన్సింగ్టన్‌లో ప్రిన్సెస్ గేట్ అనే వీధిలో ఉండేవాడు. 1978లో చనిపోతూ మొత్తం సంగ్రహాన్ని కోర్టాల్డ్‌కు రాసిచ్చేశాడు. తన పేరు పెట్టొద్దన్నాడు, అందుకే దాన్ని ప్రిన్సెస్ గేట్ సంగ్రహం అంటారు. ఇంతటి సంపద ఇచ్చి పేరు వద్దన్న మనిషిని తలుచుకుంటే నాకు మనసు నిండుతుంది.

రూబెన్స్ వేసిన ఆ పౌలు బొమ్మ ముందు నిలబడ్డప్పుడల్లా నాకు ఒంగోలు గుర్తొస్తుంది. ఎందుకో చెప్తాను.

1866లో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలులో కాపురం పెట్టాడు. తొలినాళ్ళలోనే ఆయన దగ్గరకు వచ్చినవాళ్ళలో యెర్రగుంట్ల పేరయ్య ఒకరు. మాదిగ కుటుంబం, తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగిన మనిషి, యోగమార్గంలో సాధన చేసినవారు. దేవుడి కోసం వెతుకులాట ఆయనకు కొత్త కాదు. ఆయన భార్యతో సహా బాప్తిస్మం తీసుకున్నారు. మెరుపూ లేదు, గుర్రమూ లేదు. ఆ తర్వాత ఆయన చుట్టాల దగ్గరా, తెలిసిన పల్లెల్లోనూ కూర్చుని మాట్లాడుతూ పోయారు. చేరినవాళ్ళకు క్లౌ చెప్పిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు.

వినడానికి చిన్నవే. కానీ ఊరి కట్టుబాటులో అవి ఏం చేశాయో ఆలోచించండి. కోతల రోజుల్లో ఆదివారం పనికి రానంటే ఆసామికి మండింది. చచ్చిన గొడ్డును లాక్కుపోయి తినడం వాళ్ళ వంతు అని ఊరు రాసిపెట్టుకుంది, ఇప్పుడు తినేది లేదంటున్నారు. అమ్మవారి జాతరకు డప్పు కొట్టమంటే రామన్నారు. డప్పు లేకుండా జాతర ఎలా? కరణాలూ మునసబులూ ఉలిక్కిపడ్డారు. కొట్లాటలయ్యాయి, కోర్టులదాకా పోయాయి. మారినవాళ్ళు పల్లె చివర ఉన్నారు, తలకిందులైంది ఊరంతా.

ఆ తర్వాత 1876–78 కరువు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని, కూడు చూపించాడు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. అలా ఆగినవాళ్ళంతా తర్వాత ఒక్కసారిగా వచ్చారు. 1878 జులై 3న, వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. అది కళ్ళారా చూసి వేసిన రూబెన్స్ మనకు లేకపోయాడే అని నాకు నిజంగా దిగులు. ఏటి ఒడ్డున దిగుతున్నవాళ్ళు ఉండేవాళ్ళు ఆ బొమ్మలో. గట్టు మీద నిలబడి చూస్తున్న తల్లులు, రాని అన్నదమ్ములు, రేపట్నుంచి పనికెవరొస్తారని లెక్క వేసుకుంటున్న ఆసాములు కూడా ఉండేవాళ్ళు. ఒంటరి పౌలును వేసిన కారవాజియోకు ఆ ఏరు అందేది కాదు. గుంపులో ప్రతి ఒక్కడి భయాన్నీ వేరువేరుగా వేయగలిగినవాడికే అందేది.

లండన్‌లో ఉన్నవాళ్ళూ, వచ్చేవాళ్ళూ ఒక పని చేయండి. కోర్టాల్డ్‌లో ఈ బొమ్మ చూసి బయటికొచ్చి, స్ట్రాండ్, ఫ్లీట్ స్ట్రీట్ మీదుగా తూర్పుకు నడవండి. ఇరవై నిమిషాలు పడుతుంది. సెయింట్ పాల్స్ కథీడ్రల్ వస్తుంది. ముందు మెట్ల మీద జనం సెల్ఫీలు తీసుకుంటూ ఉంటారు. వాళ్ళ తలల మీదుగా, రెండు వరసల స్తంభాల పైన, ఆ పెద్ద రాతి త్రికోణంలోకి చూడండి. 1706లో ఫ్రాన్సిస్ బర్డ్ అనే శిల్పి చెక్కిన పౌలు మార్పు అక్కడుంది. బొమ్మల్ని ఏట్లో పారేసిన దేశమే అరవై ఏళ్ళు తిరిగేసరికి తన పెద్ద గుడి నుదుటి మీద ఇదే ఘట్టాన్ని రాతిలో చెక్కించుకుంది. త్రికోణం కొన మీద నిలబడ్డ పౌలు విగ్రహమూ బర్డ్ చేతిపనే. ఆ ముఖద్వారం పడమటి వైపు తిరిగి ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం దాటాక ఎండ నేరుగా పడుతుంది. జనవరిలో వెళ్తే మూడు గంటలకల్లా అక్కడుండేలా చూసుకోండి. నాలుగున్నర దాటితే శిల్పం సరిగ్గా కనిపించదు. మెడ నొప్పెడుతుంది, కాసేపు ఓర్చుకోండి.